ఆర్డునో, ఈఎస్‌పీ32, పీకో: పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్‌ను దేనిమీద నడపాలి?

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు అడిగాడు. పాలిటెక్నిక్ ఈసీఈ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు కింద 80ల నాటి ఇంటి కంప్యూటర్‌ ఒకదాన్ని చిన్న బోర్డు మీద నడిపి చూపించాలట. చేతిలో ఆర్డునో యూనో, ఈఎస్‌పీ32 ఉన్నాయి. పీకో (రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ చిన్న బోర్డు) కొనాలా వద్దా, ఏ కంప్యూటర్‌తో మొదలుపెట్టాలి, నెట్‌లో దొరికే రెడీమేడ్ ప్రోగ్రాం, అంటే పాత కంప్యూటర్‌ను అనుకరించే ఎమ్యులేటర్, ఎక్కించుకుంటే చాలదా అన్నవి అతని ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్తాను తమ్ముడూ. పీకో 2 కొను, సింక్లెయిర్ కంపెనీ వాళ్ళ పాత ఇంటి కంప్యూటర్ 48కే జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌తో మొదలుపెట్టు. మొదటి పీకో ఎవరి దగ్గరైనా ఖాళీగా పడి ఉంటే అదీ చాలు. యూనో ఈ పనికి రాదు. ఈఎస్‌పీ32 వస్తుంది, కానీ కొన్ని షరతులు ఉన్నాయి, కింద రాస్తాను. రెడీమేడ్ ప్రోగ్రాం తప్పకుండా ఎక్కించుకో, అయితే అది నీ వైరింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికే. వైవాలో అదే చూపిస్తే "ఇందులో నువ్వు చేసిందేముంది?" అన్న ఒక్క ప్రశ్నకే నోట మాట రాదు. నేను నల్లగొండలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. ఇలాంటి ప్రాజెక్టులు ఏటా నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి, ఆ ప్రశ్న వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

స్పీడు గురించి టెన్షన్ వద్దు. అందరూ మొదట అడిగేది అదే. స్పెక్ట్రమ్ 1982లో వచ్చింది, అందులో ఉన్నది 3.5 మెగాహెర్ట్జ్ మీద నడిచే జెడ్80 ప్రాసెసర్. పీకో 2 నడిచేది 150 మెగాహెర్ట్జ్ మీద. అంటే జెడ్80 ఒక్క టీ-స్టేట్ (దాని ఒక్క క్లాకు) గడిపేలోపు మన చిప్ 42 క్లాకులు వేస్తుంది. జెడ్80లో అతి చిన్న ఇన్‌స్ట్రక్షన్‌కైనా 4 టీ-స్టేట్లు పడతాయి కాబట్టి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ను అనుకరించడానికి తక్కువలో తక్కువ 170 క్లాకులు మన చేతిలో ఉంటాయి. మామూలు సీ కోడ్‌కి అది పుష్కలం. పైగా కోర్లు రెండున్నాయి.

మరి ఇబ్బంది ఎక్కడ? రెండుచోట్ల. ర్యామ్ దగ్గర, తెర మీద బొమ్మ టైమింగ్ దగ్గర.

ర్యామ్ సంగతి తేలిగ్గా తేలిపోతుంది. యూనోలో ఉన్న ర్యామ్ 2 కేబీ. స్పెక్ట్రమ్ తెరకే 6,912 బైట్లు కావాలి. ఇక మాట్లాడుకోవడానికేం లేదు. యూనోనే వాడాలని పట్టుదల ఉంటే 1976 నాటి కిమ్-1 చెయ్యొచ్చు. 6502 ప్రాసెసర్, 1 కేబీ ర్యామ్, ఆరు అంకెల ఎల్‌ఈడీ డిస్‌ప్లే, హెక్స్ కీప్యాడ్. చూడ్డానికి మన ల్యాబుల్లోని 8085 కిట్‌లాగే ఉంటుంది. కొందరు నిజంగానే దాన్ని యూనో చిప్ మీద నడిపారు. కానీ టీవీ మీద బొమ్మ, గేము చూపించాలని నీకు ఉంది కదా, దాంతో ఆ ముచ్చట తీరదు.

మొదటి పీకో 2021లో వచ్చింది, ర్యామ్ 264 కేబీ. 2024లో వచ్చిన పీకో 2లో 520 కేబీ. స్పెక్ట్రమ్‌కి 48 కేబీ ర్యామ్, 16 కేబీ రోమ్, మొత్తం కలిపి సరిగ్గా 64 కేబీ. సీలో 65,536 బైట్ల ఒక్క ఎర్రే పెట్టుకుంటే జెడ్80 అడ్రసే నేరుగా ఇండెక్స్ అవుతుంది. 16,384 కంటే కింది అడ్రసుకు రాయబోతే పట్టించుకోకుండా వదిలెయ్, అదే రోమ్. మెమరీ మ్యాప్ అంతటితో అయిపోయింది. మొదటి మెషీన్‌గా స్పెక్ట్రమ్‌నే తీసుకోమనడానికి ఇదొక కారణం. రెండో కారణం, నీకు 8085 వచ్చు.

దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు ఈ లాభం ఉందని వాళ్ళకే తెలియదు. 8085, జెడ్80 రెండూ ఇంటెల్ 8080 వంశమే. ల్యాబ్‌లో నువ్వు 3ఈ 05 అని కొడితే అక్యుములేటర్‌లోకి 5 వస్తుంది కదా, జెడ్80లోనూ అదే 3ఈ 05 అదే పని చేస్తుంది. పేరు మాత్రం ఎమ్‌వీఐకి బదులు ఎల్‌డీ. జంప్‌కి సీ3, హాల్ట్‌కి 76, అక్యుములేటర్‌ను మెమరీలో దాచడానికి 32, ఇవన్నీ రెండింట్లో ఒకటే. తేడా ఎక్కడంటే, 8085లో 20, 30 అంకెలు రిమ్, సిమ్ అయితే జెడ్80లో అవి షరతుతో కూడిన రిలేటివ్ జంపులు. ఇక సీబీ, ఈడీ, డీడీ, ఎఫ్‌డీ అని నాలుగు ప్రిఫిక్స్‌లు ఉంటాయి, వాటి వెనక ఇంకో పెద్ద పట్టిక. రాయడానికి కష్టం కాదు కానీ విసుగు.

అందుకే సీపీయూ భాగాన్ని బోర్డు మీద కాదు, ముందు లాప్‌టాప్ మీద రాయి. అక్కడ తప్పు దొరకడం తేలిక. జెడ్‌ఈఎక్స్‌ఆల్ అని ఒక పరీక్ష ప్రోగ్రాం ఉంది. చాలావరకు ఇన్‌స్ట్రక్షన్లనూ, వాటి ఫ్లాగ్‌లనూ, పుస్తకాల్లో రాయని 3, 5 నంబర్ బిట్లతో సహా తిరగేసి చూస్తుంది. అది సీపీ/ఎమ్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసింది. కానీ దానికి కావాల్సింది ఒక అక్షరం అచ్చువేయడం, ఒక లైను అచ్చువేయడం, అంతే. ఆ రెండూ నువ్వే ఇచ్చేయొచ్చు. అందులో పాసైతే తర్వాత ఏ గేము ఆగిపోయినా "సీపీయూలో ఏదో తేడా" అని వెతుక్కునే బాధ చాలావరకు తప్పుతుంది. టైం లేదంటే ఓపెన్‌సోర్స్ జెడ్80 కోర్లు మంచివి దొరుకుతాయి, వాడుకో, రిపోర్టులో ఆ సంగతి రాయి. కానీ తెర భాగం మాత్రం నువ్వే రాయి. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో ఇంజినీరింగ్ అంతా అక్కడే ఉంది.

తెర సంగతికి వస్తున్నాను. 640 బై 480 బొమ్మను పిక్సెల్‌కి ఒక బైటు చొప్పున దాచాలంటే 3,07,200 బైట్లు. మొదటి పీకోలో అసలు పట్టదు. పీకో 2లో పడుతుంది కానీ దండగ. అందుకని బొమ్మను ముందే తయారుచేసి పెట్టుకోవద్దు. పెనం మీది దోసె నేరుగా ప్లేట్లోకి వేసినట్టు, మానిటర్ ఏ గీత అడుగుతుందో ఆ గీతనే అప్పటికప్పుడు తయారుచేసి పంపాలి. వీజీఏలో ఒక్కో గీతకు సుమారు 31.8 మైక్రోసెకన్లు. స్పెక్ట్రమ్ బొమ్మ 256 బై 192. రెట్టింపు చేస్తే 512 బై 384 అవుతుంది. పక్కలకు 64 చొప్పున, పైనా కిందా 48 చొప్పున మిగిలిన చోటు బోర్డర్‌కు సరిపోతుంది. ప్రతి గీతనూ రెండుసార్లు పంపుతాం కాబట్టి ఒక స్పెక్ట్రమ్ గీత తయారీకి దాదాపు 63 మైక్రోసెకన్లు దొరుకుతాయి. ఆ గీతలో చదవాల్సింది 32 బైట్ల చుక్కలు, 32 బైట్ల రంగులు. ఒక కోర్‌ను పూర్తిగా ఈ పనికే కేటాయించు. రెండో కోర్ జెడ్80ని నడుపుతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. స్పెక్ట్రమ్ తెర మెమరీలో గీతలు వరసగా ఉండవు. మొదటి గీత 16,384 దగ్గర మొదలైతే, దాని కిందిది 32 బైట్ల తర్వాత ఉండాలి అనుకుంటాం. కాదు, 256 బైట్ల తర్వాత ఉంటుంది. 32 బైట్ల తర్వాత ఉండేది ఎనిమిది గీతల కింద, అంటే తర్వాతి అక్షరాల వరుసది. పైగా తెర మూడు భాగాలుగా విడిపోయి ఉంటుంది, ఒక్కోటి 2,048 బైట్లు. పాత వీడియోల్లో క్యాసెట్ నుంచి బొమ్మ లోడవుతుంటే చూశావా? గీతలు ఎడం ఎడంగా పడుతూ, ముందు పై భాగం, తర్వాత మధ్యది, ఆఖరికి కిందిది నిండి, చివర్లో రంగులు వచ్చి పడతాయి. అదంతా ఈ అమరిక వల్లే. నీ తెర మీద అక్షరాలు ముక్కలు ముక్కలై చెల్లాచెదురుగా వస్తే సీపీయూని అనుమానించకు, అడ్రస్ లెక్కలో వై బిట్లు (గీత నంబరు బిట్లు) అటూఇటూ అయ్యాయి.

రంగులు 22,528 నుంచి 768 బైట్లు. ఎనిమిది బై ఎనిమిది చుక్కల గడికి ఒక బైటు. కింది మూడు బిట్లు సిరా (చుక్క రంగు), తర్వాతి మూడు కాగితం (వెనక రంగు), ఒకటి బ్రైట్, ఒకటి ఫ్లాష్. మూడు బిట్లలో నీలం 1, ఎరుపు 2, ఆకుపచ్చ 4.

వైరింగ్‌కి హెచ్‌డీఎమ్‌ఐ కంటే వీజీఏనే మంచిదని నా అభిప్రాయం. పాత వీజీఏ మానిటర్లు పాలమూరులో ఏ కంప్యూటర్ రిపేరు షాపులో అడిగినా మూలన పడి ఉంటాయి. మానిటర్ లోపల 75 ఓమ్‌లు ఉంటాయి, దానికి కావాల్సింది 0.7 వోల్టులు, మన పిన్ ఇచ్చేది 3.3. లెక్క కట్టి చూడు, మధ్యలో దాదాపు 279 ఓమ్‌లు రావాలి. దొరికే విలువ 270. అది లేకపోతే 330 పెట్టు, బొమ్మ కాస్త డల్‌గా వస్తుంది, అంతే. 220 మాత్రం వద్దు, 0.8 వోల్టులు దాటిపోతుంది. ఇలా రంగుకి ఒక రెసిస్టర్‌తో ఎనిమిది రంగులు వస్తాయి. బ్రైట్ కూడా విడిగా కనిపించాలంటే రంగుకి రెండు పిన్నులు, 390, 820 ఓమ్‌లు. ఈ రెసిస్టర్ ఎందుకని వైవాలో అడిగితే జవాబు చెప్పగలిగిన పిల్లలకు నేను మార్కులు ధారాళంగా వేస్తాను.

హెచ్‌డీఎమ్‌ఐ కూడా అవుతుంది. మొదటి పీకోలో 640 బై 480కి పిక్సెల్ క్లాక్ 25.2 మెగాహెర్ట్జ్, ఒక్కో రంగుకి పిక్సెల్‌కి పది బిట్లు, కాబట్టి చిప్‌ను 252 మెగాహెర్ట్జ్‌కి ఎక్కించాలి. కంపెనీ దానికి మొదట చెప్పిన వేగం 133. అయినా చాలా బోర్డులు వోల్టేజ్ కాస్త పెంచితే తట్టుకుంటాయి. పీకో 2లో ఇలాంటి పనికి చిప్‌లోనే విడిగా ఒక సర్క్యూట్ పెట్టారు కాబట్టి సుఖం.

50, 60 గొడవ. స్పెక్ట్రమ్ సెకనుకు 50 ఫ్రేములు వేస్తుంది. ఫ్రేముకు 69,888 టీ-స్టేట్లు, ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇది చూడు అని ప్రాసెసర్‌కి వచ్చే సిగ్నల్). వీజీఏ 60. చాలామంది మానిటర్ ఫ్రేముకు ఒక ఇంటరప్ట్ ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. అప్పుడు గేము 20 శాతం స్పీడుగా పరిగెడుతుంది, పాట కీచుమంటుంది. జెడ్80 ఫ్రేమును పీకో టైమర్‌తో నడుపు, మానిటర్ దారి మానిటర్‌ది. బొమ్మ పక్కకు జరిగేటప్పుడు సన్నటి అదురు కనిపిస్తుంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే. మన ఇళ్ళలోని టీవీలు హెచ్‌డీఎమ్‌ఐ మీద 50ని చాలావరకు ఒప్పుకుంటాయి. ఆ అదురు నచ్చకపోతే అటువైపు వెళ్ళొచ్చు.

ఇంకో సంగతి. పీకోలో ప్రోగ్రాం ఉండేది బయట ఉన్న ఫ్లాష్ చిప్‌లో. మధ్యలో 16 కేబీ క్యాష్, అంటే ఇటీవల వాడిన కోడ్ దాచుకునే చిన్న వేగమైన మెమరీ, ఉంటుంది. నీ కోడ్ అందులో లేని క్షణాన ఫ్లాష్ నుంచి తెచ్చుకునేదాకా కోర్ ఆగుతుంది. మామూలు పనుల్లో తెలియదు, గీత పంపే పనిలో మాత్రం బొమ్మ జర్క్ ఇస్తుంది. జెడ్80 లూప్‌ను, గీతలు తయారుచేసే ఫంక్షన్‌ను ర్యామ్‌లోకి కాపీ చేసి నడుపు. పీకో ఎస్‌డీకేలో (కంపెనీ ఇచ్చే కోడ్ లైబ్రరీలో) దానికి ఒక్క మాట చేరిస్తే చాలు. దేవరకొండ నుంచి వచ్చే ఒక విద్యార్థి ఇదంతా చేసినా, కీ నొక్కినప్పుడల్లా బొమ్మ ఒకసారి వణికేది. మానిటర్ మార్చాడు, కేబుల్ మార్చాడు. చూస్తే యూఎస్‌బీ ఇంటరప్ట్‌లు కూడా బొమ్మ వేసే కోర్ మీదికే వస్తున్నాయి. వాటిని రెండో కోర్‌కి మార్చగానే వణుకు ఆగిపోయింది.

కీబోర్డు మాట వచ్చింది కాబట్టి, యూఎస్‌బీ కీబోర్డు పెట్టాలంటే ఓటీజీ కేబుల్ ఒక్కటే సరిపోదు. అప్పుడు పీకో హోస్ట్ అవుతుంది, కీబోర్డుకి కరెంటు అదే ఇవ్వాలి. 5 వోల్టులు బయటి నుంచి 40వ పిన్ వీబస్‌కి ఇస్తే బోర్డుకీ కీబోర్డుకీ రెండింటికీ వెళ్తుంది. మిర్యాలగూడలో ఒక టీవీ మెకానిక్ తన పిల్లల కోసం చేసుకుంటూ "కీబోర్డు లైటే వెలగట్లేదు సార్" అని ఫోన్ చేశాడు, సంగతి ఇంతే. పాత పీఎస్‌2 కీబోర్డు అయితే 5 వోల్టుల సిగ్నల్ నేరుగా పిన్‌కి ఇవ్వొద్దు, మధ్యలో లెవెల్ షిఫ్టర్ పెట్టు.

సొంతంగా 40 కీల కీబోర్డు చేస్తానంటే ఇంకా బాగుంటుంది. అసలు స్పెక్ట్రమ్‌లోనూ ఎనిమిది వరుసలు, ఒక్కోదానికి ఐదు కీలు, 254వ పోర్టులో చదవడం. 13 పిన్నులు, వరుసకొక డయోడ్. పీకో 2లో మాత్రం పుల్-డౌన్ వాడకు, పుల్-అప్ వాడు. మొదట్లో వచ్చిన చిప్‌లలో పుల్-డౌన్ పెట్టిన పిన్ 2 వోల్టుల దగ్గర ఇరుక్కుపోయే లోపం ఉంది. తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు కానీ నీకు ఏది వస్తుందో ఏం చెప్పగలం.

ఇప్పుడు నీ ఈఎస్‌పీ32. స్పీడు 240 మెగాహెర్ట్జ్, ర్యామ్ 520 కేబీ అని రాసి ఉంటుంది. కానీ అంతా ఒకే ముక్కగా నీకు దొరకదు. ఫ్యాబ్‌జీఎల్ అనే లైబ్రరీ వాడితే వీజీఏ, పీఎస్‌2 కీబోర్డు, సౌండ్ మూడూ దాంట్లోనే వచ్చేస్తాయి. అది పాత మామూలు ఈఎస్‌పీ32 మీదే నడుస్తుంది, ఎస్3, సీ3 రకాల మీద నడవదు. నీ బోర్డు మీద రేకు డబ్బాపై ఏం రాసుందో చూసుకో. డబ్బు ఖర్చు పెట్టకుండా ముందు రుచి చూడాలంటే ఇది మంచి దారే. ప్రాజెక్టుకి నేను పీకో అనడానికి కారణం దాని పీఐఓ. పిన్నుల టైమింగ్ చూసుకునే చిన్న మెషీన్లు చిప్‌లోనే ఉంటాయి, మొదటి పీకోలో ఎనిమిది, రెండోదాంట్లో పన్నెండు. వీజీఏ సిగ్నల్ నువ్వే గీసి, ఆసిలోస్కోప్ మీద చూపించి, ఇది ఇలా వస్తోంది అని వివరించొచ్చు.

పని మొదలుపెట్టే క్రమం ఒకటి చెప్తాను. ముందు కేబుల్. ఫోన్ చార్జింగ్ కేబుళ్ళు కొన్నింటిలో డేటా తీగలే ఉండవు. బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లా కనిపించాలి. కనిపించకపోతే బోర్డు పోయిందని కంగారు పడకు, ముందు కేబుల్ మార్చి చూడు. తర్వాత రెడీమేడ్ ఎమ్యులేటర్ ఎక్కించి బొమ్మ, కీబోర్డు చూసుకో. ఆ తర్వాతే నీ కోడ్.

నీ కోడ్‌లో మొదటి గెలుపు ఏంటంటే, తెర కాసేపు నల్లగా ఉండి, తెల్లబడి, అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అన్న కాపీరైట్ లైను రావడం. ఆ నల్లదనం ర్యామ్ పరీక్ష. లైను వచ్చి, కీలు మాత్రం పలకకపోతే ఇంటరప్ట్ అందట్లేదు, లేదా 254వ పోర్టు తప్పు చదువుతున్నావు. కీబోర్డును చదివేది ఆ ఇంటరప్ట్ రొటీనే. కీలు పలికితే బీ నొక్కు, బోర్డర్ అన్న మాట మొత్తం ఒకేసారి పడుతుంది. 2 కొట్టి ఎంటర్ నొక్కు. చుట్టూ ఎరుపు రావాలి. నీలం వస్తే ఎరుపు, నీలం తీగలు తారుమారయ్యాయి.

గేములకు మొదట్లో టేప్ జోలికి పోవద్దు. ఎస్‌ఎన్‌ఏ ఫైళ్ళు, అంటే నడుస్తున్న గేము మెమరీని ఉన్నదున్నట్టు దాచినవి, తీసుకో. ఒక్కోటి సరిగ్గా 49,179 బైట్లు. మొదటి 27 బైట్లలో రిజిస్టర్లు, మిగతాది 16,384 నుంచి అలాగే కాపీ చేసేయడమే. ప్రోగ్రాం కౌంటర్ విడిగా ఉండదు, స్టాక్ మీద ఉంటుంది, అక్కడ నుంచి తీసుకోవాలి. సౌండ్ ఒక బిట్టే, 254వ పోర్టుకి రాసే బైటులో 4వ బిట్. ఒక పిన్, ఒక రెసిస్టర్, చిన్న స్పీకర్. ఎస్‌డీ కార్డు చివర్లో చూసుకో.

రోమ్ విషయంలో భయం లేదు. దాని హక్కులు కొన్న ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ, ఎమ్యులేటర్లతో పాటు ఉచితంగా పంచుకోవడానికి అనుమతిచ్చింది. అమ్ముకోవద్దు, కాపీరైట్ లైను చెరపొద్దు. కమడోర్ 64 రోమ్‌కి ఇలాంటి సౌకర్యం లేదు. ఎలాగూ దాన్ని మొదటి ప్రాజెక్టుగా నేను వద్దనే అంటాను. ప్రాసెసర్ ఒక మెగాహెర్ట్జే కానీ దాని వీడియో చిప్, సౌండ్ చిప్ చేసే గారడీలను అనుకరించబోతే తల ప్రాణం తోకకొస్తుంది.

స్పెక్ట్రమ్ అయ్యాక ఓపిక ఉంటే బీబీసీ మైక్రో చూడు. 6502, 2 మెగాహెర్ట్జ్, 32 కేబీ ర్యామ్. 1984లో క్లాస్ అన్న పేరుతో మన స్కూళ్ళలో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు కేంద్రం ఇచ్చినవి అవే. మీ కాలేజీలో రిటైరవబోయే లెక్చరర్లను కదిపి చూడు, దాని బేసిక్ ఇంకా గుర్తున్నవాళ్ళు దొరకొచ్చు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే పీకో 2, 270 ఓమ్‌ల రెసిస్టర్లు, వీజీఏ సాకెట్, బ్రెడ్‌బోర్డ్ ఒకేసారి తెచ్చుకో. ఎక్కడైనా ఆగిపోతే తెర ఫోటో, క్లాక్ ఎంత పెట్టావో, ఏ పిన్నుకి ఏ రెసిస్టర్ కట్టావో రాసి ఇక్కడే అడుగు. "బొమ్మ రావట్లేదు సార్" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం నేనేం చెప్పలేను.